ముహూర్తాలు పెట్టే అయ్యగారికి ఒక పెండ్లి వీడియోవాలా బహిరంగ లేఖ

మహారాజశ్రీ అయ్యగారికి,

దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల చుట్టుపక్కల పల్లెల్లో పెండ్లిళ్లకు వీడియో తీసే నేను దండాలు పెట్టి రాసుకుంటున్న అర్జీ.

మీరు పంచాంగం తిరగేసి రాత్రి 2 గంటల 17 నిమిషాలకు లగ్గం అంటారు. గురుబలం, తారాబలం అన్నీ చూస్తారు. లైట్ల బలం మాత్రం ఎవరూ చూడరు. తర్వాత వీడియో పెట్టగానే మేనమామ నా మీద పడతాడు: "ఏందిర ఇది, పిల్ల ముఖం మీద ఇసుక చల్లినట్టున్నది!"

ఆయనకు చెప్పలేనిది మీకు చెప్పుకుంటా. నా హ్యాండీక్యామ్‌లో బొమ్మను పట్టే సీసీడీ మూలకు మూల 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దాని మీద పడే వెలుగు చాలక కెమెరా తనే గెయిన్ పెంచుకుంటుంది. 18 డెసిబెల్స్ పెరిగిందంటే సిగ్నల్ 8 రెట్లు, లోపలి రణగొణ (నాయిస్) కూడా 8 రెట్లు. మేనమామ చూసిన ఇసుక అదే. పెద్ద సీసీడీలు మూడున్న సోనీ వీఎక్స్ 2000 లాంటివి 2000లోనే వచ్చినయ్. ధర వింటే బోరు వేయించుకునుడే నయమనిపించింది. పోనీ దగ్గరికి పోయి తీద్దామంటే, జీలకర్ర బెల్లం వేళకు చుట్టాలందరూ నా ముందే నిలబడతారు. వెనక నుంచి జూమ్ లాగితే లెన్స్‌లోకి వచ్చే వెలుగు ఇంకా తగ్గుతుంది.

ఇగ కరెంటు సంగతి. మన దగ్గర సేద్యానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకుముందు సంగతి మీకూ తెలుసు. రాత్రి వంతులో త్రీఫేజ్ రాగానే ఆటోస్టార్టర్లున్న మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి. సరిగ్గా పుస్తె కట్టేటప్పుడు వోల్టేజీ పడిపోయి ట్యూబ్‌లైట్లు కొసల్లో ఎర్రబడి కొట్టుకునేవి. 1000 వాట్ల హాలోజన్ వెలిగిస్తే "కండ్లు మండుతున్నయ్, బంద్ చెయ్యి" అన్నదీ మీరే.

అరుంధతి సంగతి మరీ అన్యాయం. వశిష్ఠుడి పక్కన నక్కి ఉండే ఆ నాలుగో మాగ్నిట్యూడ్ చుక్క కంటికే కష్టం. మీరేమో వేలెత్తి, నా వైపు తిరిగి "పట్టు, పట్టు" అంటారు. ఇంటికొచ్చి చూస్తే నల్లటి తెర నిండా వేల చుక్కలు. ఏ జంటకు ఏ చుక్క కావాలంటే అది!

కంప్యూటర్‌లో శుభ్రం చెయ్యరాదా అంటారు. నాలుగు ఫ్రేములు సగటు తీస్తే రణగొణ సగమవుతుంది, నిజమే. కదలని మండపానికి అది బాగానే పనిచేస్తుంది. తలంబ్రాల దగ్గర గట్టిగా వాడి చూశాను. గాలిలో ఎగిరే బియ్యాన్ని కూడా అది చెత్త చుక్కలే అనుకుని తుడిచిపారేసింది. పెండ్లికూతురు ఖాళీ దోసిలి విదిలిస్తుంటే పెండ్లికొడుకు ఊరికే కండ్లు మూసుకుంటున్నాడు.

ముహూర్తం మార్చమనను. మీరు రాసిచ్చే సామాన్ల చీటీలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయల కింద ఇంకొక్క వరస రాయండి: మండపానికి రెండు పక్కలా రెండు పెద్ద లైట్లు, వెలుగు నేరుగా ముఖాల మీద పడకుండా తెల్లగుడ్డకు తగిలి వచ్చేటట్టు, తోడుగా ఒక జనరేటర్. మీ చీటీలో ఉంటే దర్భలు దొరక్కున్నా పక్క మండలానికి పోయి తెస్తారు. అదే నేనడిగితే "మొన్న లేకుండనే తీసినవు గద" అంటారు.

ఇట్లు,
మీ మంత్రాలన్నీ కంఠతా వచ్చిన
వీడియోవాలా