ఫ్యాక్టరీలో నీళ్లు పొదుపు చేయడమెలా? మేనేజరు గారికి ఉచిత సలహాలు

మేనేజరు గారూ, పటాన్‌చెరులోనో జీడిమెట్లలోనో మందుల ఫ్యాక్టరీ నడుపుతున్న మీకు ముందుగా ఒక హెచ్చరిక: మీటర్లు ఎక్కువ పెట్టకండి. బోరుకు ఒకటి చాలు. బాయిలర్‌కు, కూలింగ్ టవర్‌కు, వాషింగ్‌కు విడివిడిగా పెడితే నీళ్లెక్కడ పోతున్నాయో తెలిసిపోతుంది. తెలిశాక ఊరుకోవడం కష్టం.

కూలింగ్ టవర్ దగ్గర మాత్రం చెయ్యి ధారాళంగా ఉండాలి. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలినదాంట్లో లవణాలు చిక్కబడతాయి కాబట్టి కొంత బ్లోడౌన్‌గా వదిలేసి కొత్తనీరు పోస్తాం. రోజుకు 100 కిలోలీటర్లు ఆవిరయ్యే టవర్‌లో లవణాలు రెండింతలు కాగానే వదిలేస్తుంటే 200 కిలోలీటర్లు పోయాలి. ఐదింతల దాకా ఆగితే 125 చాలు. కానీ ఆగడానికి కండక్టివిటీ మీటరు కావాలి, స్కేల్ పట్టకుండా కెమికల్ కావాలి, రోజూ చూసే మనిషి కావాలి. అదే వాల్వు కాస్త తెరిచి వదిలేస్తే ఎవరూ అక్కర్లేదు. రోజుకు 75 కిలోలీటర్లంటారా? పోనీండి, భూమిలోవే కదా.

స్టీమ్ కండెన్సేట్‌ను వెనక్కి తేవద్దు. అది దాదాపు డిస్టిల్డ్ వాటర్, పైగా సలసల కాగుతూ వస్తుంది. కాలువలోకి పంపేసి, చల్లటి బోరునీళ్లను సాఫ్ట్‌నర్‌లో శుద్ధిచేసి మళ్లీ మొదట్నుంచీ కాచుకోండి. బొగ్గు వ్యాపారి కూడా బతకాలి.

రియాక్టర్ కడిగేటప్పుడు హోస్‌పైపుకు నాజిల్ పెట్టకండి. అదే మందు తర్వాతి బ్యాచ్ కూడా నడుస్తుంటే, చివరి కడుగు నీళ్లను దాచి వచ్చేసారి మొదటి కడుగుకు వాడొచ్చని ఏ కుర్ర ఇంజినీరో అంటాడు. 'క్వాలిటీ వాళ్లు ఒప్పుకోరయ్యా' అనండి. క్వాలిటీ వాళ్లను మాత్రం పొరపాటున కూడా అడగకండి, ఒప్పుకుంటారేమో!

ఇక వ్యర్థ జలాలు. ఉప్పు ఎక్కువున్నవీ తక్కువున్నవీ ఒకే ట్యాంకులో కలిపేయండి. విడిగా ఉంచితే తక్కువున్నదాన్ని ఆర్‌వోతో శుద్ధిచేసి టవర్‌కు వాడాల్సి వస్తుంది. కలిపేస్తే అంతా ఎవాపరేటర్‌కే, లెక్క సులువు.

పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. చూశారా, పలచన చేయకపోతే ఎంత అప్రతిష్ఠో! లీటరుకు పది లీటర్ల మంచినీళ్లు కలిపి ఉంటే అంకె ఎంత ముద్దుగా ఉండేది! మందు పోయేది అంతే పోతుంది, కానీ లీటరు లెక్కే రాయమన్నారు కదా. ఆ మంచినీళ్లకు బోరు చాలకపోతే ట్యాంకర్ తెప్పించండి, దాన్ని సెక్యూరిటీ వాళ్ల గేటు పుస్తకంలో తప్ప ఎవరూ రాయరు.