ఆటలు నేర్పే ఉపన్యాసం

పసిపిల్లలకు ఉపన్యాసాలు ఇవ్వకూడదు. ఆడుతూ, పాడుతూ, చేతికి దొరికినదాన్ని తిప్పి చూస్తూ వాళ్లు నేర్చుకుంటారు. ఈ సంగతి అంగన్‌వాడీ టీచర్ల బుర్రకెక్కించడానికి సర్కారు వాళ్లను మూడు రోజులు కుర్చీల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక, కళ్లు మూతలు పడే వేళ, ‘పిల్లలను ఎక్కువసేపు కదలకుండా కూర్చోబెట్టరాదు’ అనే స్లయిడు తెర మీదికొస్తుంది. ఆ సమయంలో ఎవరూ నవ్వకూడదు. సూపర్‌వైజరు మేడమ్ చూస్తుంటుంది.

ఈ శిక్షణ పేరు ‘పోషణ్ భీ పఢాయీ భీ’. దీనికోసం 2024లో రెండు పుస్తకాలు తెచ్చారు. మూడేళ్లలోపు వాళ్లకు ‘నవచేతన’, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ‘ఆధారశిల’. ఎకసెక్కెం పక్కన పెట్టి చెప్పాలంటే, పుస్తకాలు మంచివే. పిల్లను ఎత్తుకుని ఊసులాడటం కూడా పనేనని కాగితం మీద ఒప్పుకున్నవాళ్లకు ఓ దండం పెట్టొచ్చు. చిక్కల్లా ఆ మంచి ఢిల్లీ నుంచి ఊరికొచ్చే దారిలోనే ఉంది. పైవాళ్లు మాస్టర్ ట్రైనర్లకు రెండు రోజులు చెబుతారు. ఆ మాస్టర్ ట్రైనర్లు, అంటే మన ప్రాజెక్టు అధికారులు (సీడీపీఓలు), సూపర్‌వైజర్లూ, టీచర్లకు మూడు రోజులు చెబుతారు. రెండు రోజులు విన్నదాన్ని మూడు రోజులు చెప్పగలగడం పై చదువులు చదివినవాళ్లకే చేతనవుతుంది. టీచరు సెంటరుకు తిరిగొచ్చి, పప్పులో పోపు పెడుతున్న ఆయాకు అయిదు నిమిషాల్లో చెప్పేస్తుంది. ముక్కు తుడిచేదీ, ఏడిస్తే చంకనేసుకునేదీ ఎక్కువగా ఆ ఆయానే.

పోనీ, టీచరైనా నేర్చుకున్నది చేసి చూద్దామనుకుంటుంది. పిల్లవాడి కళ్లలోకి చూస్తూ మాట్లాడాలని శిక్షణలో చెప్పారు కదా, కూర్చుని అలాగే మొదలుపెడుతుంది. ఈలోగా ఫోను పిలుస్తుంది. పోషణ్ ట్రాకర్ యాప్ 2021 నుంచీ అందులో కాపురముంటోంది. హాజరు ఎక్కించాలి, ఎత్తూ బరువూ ఎక్కించాలి, ఫొటో ఎక్కించాలి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకులకు ముఖం గుర్తింపు కూడా వచ్చింది. తల్లి వెలుతురులోకి రావాలి, కొంగు సర్దుకోవాలి, సిగ్నలు కోసం వేపచెట్టు కిందికి నడవాలి. యాప్ ఆవిడ ముఖాన్ని ఒప్పుకునేసరికి పిల్లవాడు మట్టి తిని చాలాసేపయి ఉంటుంది. అదీ ఆటతో నేర్చుకోవడమే అనుకుంటే ఆధారశిల అమలైనట్టే.

జీతం సంగతి శిక్షణలో రాదు, స్లయిడ్లలో చోటు ఉండదు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలై, అంగన్‌వాడీలను నడిపిస్తున్న ఐసీడీఎస్ పథకానికి యాభై ఏళ్లు నిండాయి. అయినా చదువు చెప్పించుకునేటప్పుడు అంగన్‌వాడీ కార్యకర్త టీచరు, డబ్బులడిగితే మాత్రం సేవ చేసే తల్లి. 2018 అక్టోబరు నుంచి కేంద్రం లెక్కలో ఆమె నెల విలువ 4,500 రూపాయలు. పైది రాష్ట్రాల దయ. గ్రాట్యుటీకి ఆమె అర్హురాలేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

శిక్షణ పథకం మొదలైంది 2023 మే నెలలో. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు జీతం పెంచమని సమ్మెకు దిగి, 42 రోజులు రోడ్డు మీదే ఉన్నారు. జనవరిలో వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించారు. జీతం దగ్గర స్వచ్ఛంద సేవ, సమ్మె దగ్గరికొచ్చేసరికి అత్యవసర సేవ అయిపోయింది. అంతకుముందే చాలాచోట్ల సెంటర్ల తాళాలు పగలగొట్టి, గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులను పిల్లల మధ్య కూర్చోబెట్టారు. పాపం, దరఖాస్తులు చూసుకోవడానికి ఉద్యోగంలో చేరినవాళ్లు. వాళ్లకు పసిపిల్లల గురించి ఏ శిక్షణా లేదు. అయినా అధికారులకు బెంగ లేదు. తాళం తెరుచుకుంది కాబట్టి సెంటరు నడుస్తున్నట్టే రాసుకున్నారు.