‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’: టీకా తాత్పర్య సహితం

మూలం: తగు చర్య నిమిత్తం పంపడమైనది.

ప్రతిపదార్థం: తగు = ఎవరికి తగునో చెప్పని; చర్య = ఇంకా మొదలుకాని పని; నిమిత్తం = నిమిత్తమాత్రంగా; పంపడమైనది = ఈ బల్ల దాటినది, చేరిన చోటు దైవమెరుగు. కర్త లుప్తం. కర్త కనబడితే బాధ్యతా కనబడుతుంది గనుక కవి జాగ్రత్తపడ్డాడు.

టీక: ఇది కరుణరస ప్రధానం. నాయకుడు అర్జీదారు, ప్రతినాయకుడెవరో ఆఖరి అంకంలోనూ తేలదు. టయోటా కర్మాగారంలో తాయిచీ ఓనో వృథాలను ఏడుగా లెక్కగట్టాడు. ఊరికే ఎదురుచూడడం అందులో ఒకటి, సరుకును అటూ ఇటూ మోయడం మరొకటి. మన మూలవాక్యం ఒక్కటే ఆ రెంటినీ పోషిస్తోంది. దీనికి మందు కంప్యూటరే అనుకున్నవారు సగమే గెలిచారు. 2001లో హైదరాబాదు ఈ-సేవ కేంద్రాలు కరెంటు, నీటి బిల్లులు కట్టించుకుని మెప్పు పొందాయంటే, డబ్బు పుచ్చుకోవడానికి ఎవరి విచారణా అక్కర్లేదు కాబట్టి. 2011లో మీసేవ ధ్రువపత్రాలకు చేయి చాచేసరికి కిటికీ మారింది, డిజిటల్ సంతకం వచ్చింది, విచారణ గొలుసు మాత్రం చాలావరకు అలాగే ఉంది. ఫైలు కింద నలిగిన అర్జీ ఇప్పుడు లాగిన్‌లో పెండింగు. అసలు విచారణ మెట్టునే తీసేసిన ఉదాహరణ తెలంగాణ 2020లో తెచ్చిన ఇళ్ల అనుమతుల విధానం టీఎస్-బీపాస్. 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే వద్దంది; రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే తక్షణ అనుమతి. అబద్ధమాడితే నోటీసు లేకుండానే కూల్చివేత.

పూర్వపక్షం: సర్కారు దుకాణమా, కంపెనీ సూత్రాలు ఇక్కడెందుకు? కాదు, నిజమే. దుకాణం నచ్చకపోతే పక్క దుకాణానికి పోతాం, తహసీల్దారు కార్యాలయానికి పక్క కార్యాలయం లేదు. కనుక శ్రద్ధ ఇక్కడే ఎక్కువ కావాలి. ఇంతకన్నా బలమైన ఆక్షేపం ఇంకొకటుంది: మెట్లు తీసేస్తే మోసం పెరగదా? పెరగవచ్చు. అదే 2020లో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణి, రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే పూటలో ముగించింది. వేగం మెచ్చదగిందే. కానీ రికార్డులో తప్పు దొర్లినవారికి మండలంలో మొర వినే నాథుడు లేకపోయాడు. చివరకు 2025లో అప్పీళ్లకు చోటిస్తూ భూభారతి చట్టం వచ్చింది. హద్దు మీరిన గోడ కంటికి కనబడుతుంది, తర్వాతైనా కూల్చవచ్చు. పేరు మారిన భూమి కంటికి కనబడదు, వెనక్కి రావాలంటే కోర్టుల్లో ఏళ్లు పడుతుంది. అందుచేత మెట్టు తీసే ముందు చూడాల్సింది అది ఎంత ఆలస్యం చేస్తోందన్నది కాదు, అది పోతే ఆఫీసుకు రాని మూడో మనిషి హక్కు పోతుందా అన్నది. పోతుందంటే, అక్కడి విచారణ వృథా కాదు, కాపలా.

తాత్పర్యం: ఫైలు పంపే ప్రతి అధికారీ తన పేరు, తేదీ, తాను పరిశీలించిన అంశం రాయాలి. రాయడానికి ఏమీ లేని బల్లను ఫైలు దారిలోంచి తీసెయ్యాలి.