కూల్చడానికి డబ్బుల్లేక మిగిలిన చక్రం

‘నేను, నేను’ అంటూ చెప్పుకోవడం ఈ ముసలిదానికి నచ్చదు. చక్రవర్తుల ఊళ్లో పుట్టింది కదా, ఆ మర్యాద ఒంటబట్టింది. అందుకే సొంత కథనైనా ఎవరి సంగతో చెబుతున్నట్టే చెబుతుంది. ఇక దాని మాటల్లోనే.

పేరు రీజెన్‌రాడ్. జాతి జెయింట్ వీల్. ఉండేది వియన్నాలోని ప్రాటర్ పార్కులో. ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి గద్దెనెక్కి యాభై ఏళ్లవుతున్న సందడిలో, 1897లో దాన్ని నిలబెట్టారు. కట్టింది ఇంగ్లిషు ఇంజనీరు వాల్టర్ బాసెట్. ఎత్తు దాదాపు 65 మీటర్లు. బాసెట్ దగ్గర ఇలాంటి చక్రాల పని చేసిన కుర్ర ఇంజనీరు హ్యూబర్ట్ సిసిల్ బూత్ 1901లో వాక్యూమ్ క్లీనర్ కనిపెట్టాడు. జనానికి ఆకాశం చూపించి, ఆ తర్వాత ఇళ్లలో దుమ్ము మీద పడ్డాడన్నమాట!

తోబుట్టువులెవరూ మిగల్లేదు. 1893లో చికాగోలో ఫెర్రిస్ నిలబెట్టిన తొలి చక్రం 80 మీటర్ల పైమాటే. 1906లో డైనమైట్ పెట్టి పేల్చేశారు. లండన్‌లోదీ, బ్లాక్‌పూల్‌లోదీ, పారిస్‌లోదీ ఒకటొకటిగా పాత ఇనుము కింద పోయాయి. దాంతో ఒక్క అంగుళమైనా పెరగకుండానే వియన్నా చక్రం ప్రపంచంలోకెల్లా ఎత్తైనదైపోయింది. ఆ బిరుదు 1985 దాకా దానిదే.

దానికీ చావు రాసిపెట్టే ఉంది. 1916లో కూల్చివేతకు అనుమతి వచ్చింది. కూల్చడానికి డబ్బుల్లేవు, ఆగారు. 1919లో ప్రేగ్ వ్యాపారి ఎడ్యువార్డ్ స్టైనర్ దాన్ని విప్పి అమ్ముకుందామనే కొన్నాడు. తీరా కొన్నాక అద్దెకిచ్చి తిరగనిచ్చాడు. ఆయన యూదుడు. 1938లో నాజీలు ఆస్తి లాక్కున్నారు, 1944లో ఔష్విట్జ్‌లో చంపేశారు.

యుద్ధం చివర్లో చక్రానికీ నిప్పంటుకుంది. చెక్క క్యాబిన్లు బూడిదై ఇనుప అస్థిపంజరం మిగిలింది. 1947లో మళ్లీ తిరిగింది గానీ, అంత బరువు మోయగలదో లేదోనన్న భయంతో 30 క్యాబిన్లకు బదులు 15 మాత్రమే తగిలించారు. ఇప్పటికీ అంతే. క్యాబిన్ల మధ్య కనిపించే ఖాళీలు ఎవరి కళాదృష్టీ కాదు, అప్పటి భయం.

నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కి కేకలు పెట్టినవాళ్లకు ఇక్కడ కాస్త నిరాశే. తొట్టి కాదు, కిటికీలున్న ఎర్రటి గది. అందులో అటూ ఇటూ నడవొచ్చు. వేగం గంటకు 2.7 కిలోమీటర్లు, మనం తీరిగ్గా నడిచినంత కూడా ఉండదు. కింద జనాన్ని ఎక్కించుకోవడానికి ఆగుతూ ఆగుతూ వెళ్తుంది. ఆగినప్పుడల్లా గది చిన్నగా ఊగి నిలుస్తుంది. అసలు చూడాల్సింది అప్పుడే: ఒకవైపు చెస్ట్‌నట్ చెట్ల మధ్య గీత గీసినట్టుండే పొడవాటి బాట, దూరాన సెయింట్ స్టీఫెన్ చర్చి శిఖరం, ఆ వెనక అడవి కప్పిన కొండలు, ఇటు తిరిగితే డాన్యూబ్, దాని అవతల కొత్త అద్దాల మేడలు. లండన్ ఐ ఎత్తు 135 మీటర్లు, మామూలుగా ఎక్కడా ఆగదు. దుబాయ్‌లో 250 మీటర్లది కూడా వచ్చింది. ఎత్తులో పోటీకి వియన్నా ముసలిది ఎప్పుడో దండం పెట్టేసింది.

ఒక్క విషయంలో మాత్రం దానికి కోపం. 1949లో వచ్చిన ‘ది థర్డ్ మ్యాన్’ సినిమాలో ఆర్సన్ వెల్స్ ఈ క్యాబిన్లోంచే కిందికి చూసి, మనుషులు చుక్కల్లా ఉన్నారని, అందులో ఒక చుక్క పోతే ఏమవుతుందని అడుగుతాడు. కల్తీ పెన్సిలిన్ అమ్ముకునే పాత్ర మరి! ఆ సినిమా వల్లే తన పేరు ప్రపంచానికి తెలిసిందని చక్రం ఒప్పుకుంటుంది. కానీ ఆ చూపు తప్పంటుంది. 65 మీటర్ల నుంచి చూస్తే గొడుగు రంగు తెలుస్తుంది, పిల్లాడు తల్లి చెయ్యి విడిపించుకుని పరిగెత్తడం తెలుస్తుంది, క్యూలో ఎవరు మధ్యలో దూరారో కూడా తెలుస్తుంది.