కరెంటు కరుగుతోంది

మా వీధి జిమ్ముకి పచ్చదనం పట్టింది. గుమ్మం పక్కనే పది అడుగుల ఫ్లెక్సీ: 'మాది గ్రీన్ జిమ్. ప్లాస్టిక్ వాడం.' ఫ్లెక్సీ దేంతో చేస్తారని అడిగితే మేనేజరు నా పొట్టకేసి చూశాడు. ఇక నోరు మూసుకున్నాను.

జిమ్ము రెండో అంతస్తులో. కొవ్వు కరిగించుకోవడానికి వచ్చినవాళ్లమంతా కింద లిఫ్టు కోసం బారులు తీరతాం. మెట్లెక్కేది ఊడ్చే అక్క ఒక్కతే.

లోపల ఏసీ 18లో ఉంటుంది. స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలన్నీ 24 దగ్గరే మొదలవ్వాలని 2020 నుంచి నిబంధన. పాపం, మొదలవుతుంది కూడా, రిమోట్ మన చేతికొచ్చేదాకా. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో మొత్తుకుంటోంది. అదే చెప్పాను మేనేజరుకి.

"చెమట పడితే మెంబర్లు ఊరుకోరు సార్."

"చెమట పట్టడానికేగా డబ్బు కట్టింది?"

"దానికి స్టీమ్‌రూమ్ ఉంది సార్. ప్యాకేజీ వేరు."

ఈ మధ్య తొక్కితే కరెంటు పుట్టే సైకిల్ ఒకటి దించారు. దానికి రిబ్బను, కొబ్బరికాయ, సెల్ఫీలు. మామూలు మనిషి గంటసేపు ఆపకుండా తొక్కితే తీసేది వంద వాట్లు, అంటే యూనిట్‌లో పదో వంతు. టన్నున్నర ఏసీ గంటకి యూనిట్టున్నర లాగుతుందనుకున్నా, ఒక్క ఏసీకే పదిహేను మంది కావాలి. మాకున్నవి నాలుగు. అరవై మంది తొక్కాలన్నమాట. అంతమందీ చెమటలు కక్కుతుంటే ఇంకో రెండు ఏసీలు బిగించాలి. వాటికి మళ్లీ ముప్పై మంది.

1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు ఖైదీల చేత తొక్కించడానికి చక్రం కట్టాడు. ట్రెడ్‌మిల్ పేరు అక్కడిదే. కొన్ని జైళ్లలో ఆ తొక్కుడుకి పిండైనా పడేది. మనకి మోటారే పట్టా తిప్పి పెడుతుంది, మనం ఫీజు కట్టి నడుస్తాం.

నిన్న నా పక్కాయన మిల్లు దిగి, కిటికీ దగ్గర పావుగంట నుంచి ఫోన్లో ఉన్నాడు. ఖాళీ పట్టా గరగరా తిరుగుతూనే ఉంది. తెర మీద కాలరీలు 208, 209, 210... ఊడ్చుకుంటూ వచ్చిన అక్క అటూ ఇటూ చూసి, ఎర్ర బటన్ నొక్కేసింది.

ఆయన ఫోను వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఆ పూట ఆయన చేసిన వ్యాయామం నేను చూసింది అదే.

"ఏం చేశావమ్మా, నా కాలరీలన్నీ పోయాయి!"