డోలీ కూలి, ఫండు కూలి

మదుపరి సొమ్మును సాకుతున్నందుకు మ్యూచువల్ ఫండ్ కంపెనీ ఏటా తీసుకునే కూలి పేరు ఎక్స్‌పెన్స్ రేషియో. దీనికి బిల్లు రాదు, రసీదు ఉండదు. ఏడాది శాతాన్ని రోజులకు పంచి, ఏ రోజు వాటా ఆ రోజు కోసుకుని, మిగిలినదాన్నే యూనిట్ విలువగా, అంటే ఎన్‌ఏవీగా ప్రకటిస్తారు. కోసిన తర్వాతే తూకం వేస్తారు కాబట్టి కోత కంటికి ఆనదు.

నంద్యాల జిల్లా ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి గుహ దాకా నడవలేని భక్తులను డోలీలో మోసుకెళ్తారు. కొండెక్కకముందే బేరం తెగుతుంది. కిందికి దించాక డబ్బు చేతిలో పడితే లెక్క సరి. భక్తుడి ఆస్తిలో శాతం కావాలని, అదీ ఏటేటా ఇవ్వాలని ఏ డోలీవాడూ అడిగిన పాపాన పోలేదు. దారిలో మనిషిని కింద పడేసి కూలి అడిగితే ఊరుకునేవాళ్లూ లేరు. ఫండు విలువ ఐదో వంతు ఊడిన ఏడాది కూడా ఫండు కూలి మాత్రం ఠంచనుగా తెగుతుంది. రెగ్యులర్ ప్లాన్‌లో అయితే, డోలీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించినవాడికి, అంటే ఫండు అమ్మిపెట్టిన ఏజెంటుకు కూడా మదుపు ఉన్నన్నాళ్లూ వాటా ముడుతుంది. దాని ముద్దుపేరు ట్రెయిల్ కమిషన్. 2013 జనవరి 1 నుంచి డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి. అదే ఫండు, అదే మేనేజరు, అవే షేర్లు. ఆ చూపుడువేలు ఒక్కటే ఉండదు.

‘ఒక్క శాతమే కదా’ అన్నది ఈ వ్యాపారంలో తారకమంత్రం. ఖర్చులు పోకముందు ఏటా 12 శాతం పెరిగే లక్ష రూపాయలు 20 ఏళ్లకు సుమారు 9.65 లక్షలవుతాయి. ఏటా ఒక శాతం పోతే 8.06 లక్షలు, రెండు శాతం పోతే 6.73 లక్షలు. రెండో ‘ఒక్క శాతం’ తిన్నది 1.33 లక్షలు, అంటే వేసిన అసలు కన్నా ఎక్కువ.

మంచి మేనేజరుకు ఖర్చవుతుందన్నది ఇంకో సమర్థన. మదుపరులందరూ కలిస్తేనే మార్కెట్ కాబట్టి, మేనేజర్ల సగటు రాబడి ఖర్చులకు ముందు మార్కెట్‌తో సమానం, ఖర్చుల తర్వాత అంతకన్నా తక్కువ అని ఆర్థికవేత్త విలియం షార్ప్ 1991లోనే కూడికలూ తీసివేతలతో తేల్చాడు. మార్కెట్‌ను మించే మేనేజర్లు ఉంటారు, నిజమే. ఎవరన్నది ఇరవై ఏళ్లు గడిచాక తెలుస్తుంది. కూలి మాత్రం మొదటి రోజు నుంచే తెలుసు.

అసలు విడ్డూరం చిన్న ఊళ్ల పేరుతో జరిగింది. అగ్రశ్రేణి 30 నగరాల వెలుపలి నుంచి తగినంత కొత్త సొమ్ము తెచ్చిన పథకాలు అదనంగా 0.30 శాతం దాకా వసూలు చేసుకోవచ్చని 2018లో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అంది. ఆళ్లగడ్డ, నంద్యాల ఆ లెక్కలో బయటి ఊళ్లే. భారం పడేది మాత్రం పథకం మొత్తం మీద. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మనిషిని మదుపులోకి పిలిచిన ఖర్చును ఆ మనిషీ, అతనికన్నా ముందు చేరినవాళ్లూ కలిసి భరించారన్నమాట. అహోబిలంలోనూ పిలుపు ఉంది. పారువేట ఉత్సవానికి అక్కడి నరసింహుడు కనుమ నాడు బయల్దేరి, నెల దాటి ఊరూరా తిరిగి తన పెళ్లికి తానే పిలుస్తాడు. కానుకలు వస్తాయి, కానీ ఇచ్చేవాడు చేత్తో లెక్కపెట్టి ఇస్తాడు.

ఫండ్ల పిలుపు ఖర్చును 2023 మార్చి 1 నుంచి నిలిపేశారు. కోత ఎన్‌ఏవీలోనే కలిసిపోయేది కాబట్టి, అది ఆగిన సంగతి కూడా చాలామంది మదుపరులకు తెలిసి ఉండదు.