చాతుర్మాస్యంలో చందా

తొలి ఏకాదశి నాడు మహావిష్ణువు పాలకడలిలో పవళిస్తాడు. రాయ్‌పూర్‌లో ఆ రోజు నుంచే పెళ్లి ముహూర్తాలు బంద్. కార్తీకంలో ఆయన కళ్లు తెరిచి, ఇళ్ల ముందు చెరకు గడల మండపం కట్టి తులసమ్మకు పెళ్లి చేసేదాకా మనుషుల పెళ్లిళ్ల ఊసుండదు. ఆ నాలుగు నెలలూ దేవేంద్ర నగర్‌లో పెళ్లిపత్రికలు డిజైన్ చేసే దుకాణదారు కూడా స్వామివారితో పాటు ఓ కునుకు తీద్దామనుకుంటాడు. అతని కంప్యూటర్లో కాపురమున్న సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఏకాదశుల పట్టింపు లేదు. నెల తిరిగేసరికి కార్డులోంచి తన వాటా, దాని మీద 18 శాతం జీఎస్టీ కోసుకుంటుంది. రిజర్వు బ్యాంకు నియమం ఒకటుంది కాబట్టి 24 గంటల ముందే మెసేజ్ పెట్టి మరీ కోస్తుంది. చాతుర్మాస్యంలో రాయ్‌పూర్‌లో మిగిలే ముహూర్తం అదొక్కటే.

ఈ దుకాణదారు ఎవరని అడక్కండి. పండరీ బట్టల మార్కెట్ మొదలుకొని దేవేంద్ర నగర్ దాకా ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు, పత్రికలు చేసిచ్చే వాళ్లందరినీ కలిపి పోత పోసిన మనిషి అనుకోండి. తాత విజయనగరం లైను పట్టుకుని రైల్వే కొలువుకొచ్చాడు. మనవడు హిందీ పత్రికకు కృతిదేవ్, తెలుగు పత్రికకు అను ఫాంట్లు వాడుతూ రెండు పంచాంగాల మీద బతుకుతున్నాడు. మన తెలుగువాళ్లకు శ్రావణంలో బాజాలు మోగుతాయి కనుక ఆ నెల నాలుగు తెలుగు పత్రికలొస్తాయి. అవీ ‘మనవాడివి కదా’ తగ్గింపుతోనే.

“కాగితానికింత, అచ్చుకింత, సరే. ఈ డిజైన్ చార్జీ ఏంటి తమ్ముడూ?”

“కూర్చుని చేసినందుకు బాబాయ్.”

“చేసింది కంప్యూటరు కదా!”

బాబాయ్ మాటలో న్యాయముంది. ఎటొచ్చీ ఆ కంప్యూటరుకి జీతం ఎవరిస్తారన్నదే తేలలేదు.

ఒకప్పుడు ఇంత చిక్కు లేదు. సాఫ్ట్‌వేర్ డిస్కు రూపంలో డబ్బాలో వచ్చేది. కొన్నామంటే మనదే. కొత్త వర్షన్ వస్తే పాత ఖాతాదారుకి అప్‌గ్రేడ్ ధర అని ఒకటుండేది, పూర్తి ధరలో చిన్న భాగం. అడోబీ అయితే మూడు తరాల పాత వర్షన్ చూపించినా ఆ తగ్గింపు ఇచ్చేది. చిన్న దుకాణం వాడికి ఇది కల్పవృక్షం. ఒకటో రెండో వర్షన్లు ఎగ్గొట్టి, మంచి సీజన్ తగిలిన ఏడాది మారేవాడు. ఎప్పుడు మారాలో గల్లాపెట్టె చెప్పేది.

గల్లాపెట్టెకి అంత అధికారం ఉండటం కంపెనీకి నచ్చలేదు. 2011 నవంబర్‌లో, ఇకమీదట సరిగ్గా ముందటి తరం వాళ్లకే అప్‌గ్రేడ్ ధర అని అడోబీ ప్రకటించింది. ఖాతాదారులు గగ్గోలు పెట్టారు. కొత్త సంవత్సరం రాగానే కంపెనీ మనసు కరిగి, సీఎస్3, సీఎస్4 అనే పాత వర్షన్ల వాళ్లకూ 2012 డిసెంబర్ 31 దాకా గడువిచ్చింది. గడువు తీరింది. 2013 మే నెలలో అసలు గొడవే లేకుండా చేసింది. కొత్త వర్షన్లు ఇక అమ్మం, అద్దెకిస్తాం అంది. అమ్మకమే లేనప్పుడు అప్‌గ్రేడ్ ధర గురించి ఏడ్చేవాడెవడు?

అప్పటి లెక్కలు చూడండి, సొగసుగా ఉంటాయి. సీఎస్6 మొత్తం మూట అమెరికాలో 2,599 డాలర్లు. అద్దె నెలకు 49.99. అంటే 52 నెలల్లో చెల్లుకు చెల్లు. సినిమా స్టూడియోకి ఇది లాభమే, వాళ్లు ఎటూ ప్రతి వర్షన్ కొంటారు. మన దుకాణదారు తాత కాలపు మనిషి, ఒక్క డిస్కుతో పదేళ్లు ఈడ్చే రకం. పేజ్‌మేకర్ చివరి వర్షన్ 7 వచ్చింది 2001లో. తెలుగు డీటీపీ గదుల్లో దాని పేరు చెబితే నేటికీ కళ్లు మెరిసేవాళ్లున్నారు. అలాంటివాడికి 53వ నెల నుంచి కథ మొదలవుతుంది, ముగింపు ఉండదు. 2013లో కంపెనీ ఏడాది రాబడి 400 కోట్ల డాలర్ల పైచిలుకు. 2024కి 2,100 కోట్లు దాటింది. కొత్త వర్షన్ అవసరం లేదన్నవాళ్లంతా కలిసి ఎంత పని చేశారో!

ఇంతకీ ఈ ఏర్పాటంతా జరిగింది శంతను నారాయణ్ హయాంలో. పుట్టింది హైదరాబాద్, చదివింది హైదరాబాద్ పబ్లిక్ స్కూలు, ఇంజినీరింగ్ ఉస్మానియాలో. 2007 డిసెంబర్‌లో అడోబీ సీఈవో అయినప్పుడు మనమంతా మిఠాయి పంచుకున్నంత పని చేశాం. అప్పుడే ఎవరైనా ఓ మాట వేసి ఉండాల్సింది, ‘మనవాడివి కదా’ అని. దేవేంద్ర నగర్‌లో రోజూ చెల్లుతున్న మంత్రం కాలిఫోర్నియాలో చెల్లదా?

అద్దె మానుకుందామన్నా సులువు కాదు. ఏడాది ఒప్పందం, నెలనెలా చెల్లింపు అనే పథకంలో చేరి మధ్యలో వదిలేస్తే, మిగిలిన నెలల బాకీలో సగం కట్టాలి. ఈ షరతును కనబడకుండా దాచారని 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం సాక్షాత్తూ కోర్టుకెక్కింది. అమెరికా ప్రభుత్వానికే కళ్లజోడు కావలసొచ్చిందంటే, కరెంటు పోయిన దుకాణంలో ఫోను తెర మీద ‘ఐ యాగ్రీ’ నొక్కినవాడి సంగతి చెప్పాలా?

ఇన్ని తిప్పలు పడి కొత్త వర్షన్ తెరిచి పని ముగించి ఫైలు ప్రెస్సుకి పంపుతాడా, అవతలి నుంచి ఫోను వస్తుంది. “భయ్యా, తెరుచుకోవట్లేదు. లోయర్ వర్షన్‌లో సేవ్ చేసి, కర్వ్స్ చేసి పంపు.” ప్రెస్సులో ఉన్నది ఏ కాలం నాటి కోరల్‌డ్రానో, అది ఎక్కడి నుంచి వచ్చిందో అడిగే సంప్రదాయం మన వ్యాపారంలో లేదు. అంటే మనవాడు నెలనెలా కప్పం కడుతున్నది కొత్త వర్షన్‌లో చేసిన పనిని పాత వర్షన్‌లోకి దించడానికి. దొంగ కాపీ వాడికి ఆ శ్రమ లేదు, అతని ఫైలు పుట్టుకతోనే లోయర్ వర్షన్. కొన్నవాడికి కష్టం, కొట్టేసినవాడికి సౌకర్యం!

వేరే దారుల్లేవా అంటే ఉన్నాయి. ఇంక్‌స్కేప్ 2003 నుంచీ ఉచితమే, ప్రెస్సువాడు ఆ పేరు వింటే ఏదో మందు అనుకుంటాడు. అఫినిటీ అని ఒకటి, ఒకసారి కొంటే చాలన్న మాట మీద పేరు తెచ్చుకుంది. 2022లో రెండో వర్షన్ తెచ్చినప్పుడు పాతవాళ్లకు వేరే అప్‌గ్రేడ్ ధర పెట్టలేదు, కొత్తవాళ్లతో పాటు పంక్తిలో కూర్చోబెట్టి అదే డిస్కౌంట్ వడ్డించింది. 2024లో కాన్వా దాన్ని కొనేసింది, 2025 అక్టోబర్‌లో ఏకంగా ఉచితం చేసింది. ఈ వార్త చెబితే దుకాణదారు సంతోషించలేదు. “ఎన్నాళ్లు?” అని మాత్రం అడిగాడు. ఒకసారి కాలినవాడు.

ఆలోచించి ఆలోచించి అతనే ఓ పథకం వేశాడు. కంపెనీ నేర్పిన విద్యే, అదేం కంపెనీ ఒక్కదాని సొత్తు కాదు కదా. బోర్డు రాసిపెట్టాడు. పెళ్లిపత్రిక ఇక అమ్మబడదు, నెలసరి చందాకే ఇవ్వబడును. బేసిక్ ప్లాన్‌లో వధూవరుల పేర్లు మాత్రమే. ప్రో ప్లాన్‌లో తాతగారి పేరు, ఆయన హోదా. ‘బంధుమిత్రుల అభినందనలతో’ కావాలంటే విడిగా కట్టాలి. చందా ఆగితే పత్రికలోంచి మేనమామలు ఒక్కొక్కరే మాయమవుతారు. పెద్దమ్మాయి పత్రిక ఇక్కడే చేయించారు కనుక చిన్నమ్మాయికి తగ్గింపు అడగవచ్చు గానీ, ఆ సౌకర్యం మొన్ననే ఎత్తివేయబడినది. సంబంధం తప్పిపోతే మిగిలిన నెలల్లో సగం కట్టి వెళ్లాలి. చేరేవారికి ఏడు రోజులు ఉచితం.

శ్రావణంలో బాబాయ్ వచ్చాడు. బోర్డు ముందు నిలబడి కళ్లజోడు తుడుచుకుని పైనుంచి కింది దాకా రెండుసార్లు చదివాడు.

“బాగుంది తమ్ముడూ. పెళ్లి ఐదో రోజునే. వెయ్యి పత్రికలు కొట్టించెయ్, ఆరో రోజున వచ్చి రద్దు చేసుకుంటా.”